ఆగని బండి, అందని స్పేరు

(హనుమకొండలో ఒక ఆదివారం సాయంత్రం డిప్లొమా విద్యార్థులు, కారు యజమానులు కలిసి కూర్చున్న సభలో ఒక కార్ల మెకానిక్ చేసిన ప్రసంగం. రెండుసార్లు వచ్చిన మాటలు కొన్ని తీసేశాం. మిగతాది ఆయన చెప్పినట్టే ఉంది.)

అందరికీ నమస్కారం. మైకు పట్టుకుని మాట్లాడటం నాకు పెద్దగా రాదు. బండి కింద పడుకుని మాట్లాడటం వచ్చు. అక్కడ ఎదుటివాళ్ల కాళ్లు తప్ప మొహాలు కనపడవు, కాబట్టి ఎంతసేపైనా మాట్లాడొచ్చు. (నవ్వులు)

కార్లలో వచ్చిన కొత్త టెక్నాలజీ బండిని ఎక్కువ కాలం బతికిస్తోందా, తొందరగా చంపుతోందా చెప్పమన్నారు. ఈ మాట షెడ్డులో రోజూ వింటాను. కాకపోతే ప్రశ్నలాగా కాదు, తీర్పులాగా. "అన్నా, పాత బండ్లే మంచిగుండె. ఇప్పటియన్నీ డబ్బాలు" అంటారు. అట్లా అన్న పెద్దమనిషి పొద్దున హైదరాబాద్‌లో టీ తాగి, ఏసీ వేసుకుని, ఎక్కడా బోనెట్ ఎత్తకుండా వచ్చి కాజీపేటలో దిగి ఉంటాడు.

నేను 1988లో వరంగల్‌లో ఒక షెడ్డులో చేరాను. పదో తరగతి తప్పితే మా మేనమామ తీసుకొచ్చి మేస్త్రీకి అప్పజెప్పాడు. షెడ్డు నిండా అంబాసిడర్లు, ఫియట్లు. మారుతి 800 వచ్చి ఐదేళ్లవుతున్నా మా మేస్త్రీ దాన్ని ఇంకా బండి కింద లెక్కేసేవాడు కాదు. ఒక అంబాసిడర్ హైదరాబాద్ పోవాలంటే డిక్కీలో ఏమేం పెట్టేవాళ్లమో చెప్తాను. ఒక ఫ్యాన్ బెల్టు, ప్లగ్గులకు నిప్పురవ్వ పంపే పాయింట్ సెట్టు, దాని కండెన్సరు, రెండు ప్లగ్గులు, ఉప్పుకాగితం ముక్క, నీళ్ల డబ్బా. జనగామ వచ్చేసరికి బండి పక్కకు ఆపి రేడియేటర్ మూత తీసి నీళ్లు పోసేవాళ్లు. దాన్ని ఎవరూ బ్రేక్‌డౌన్ అనలేదు. బండికి దాహమైంది అనేవాళ్లు. పాయింట్ నల్లబడితే ఉప్పుకాగితంతో గీకి మళ్లీ స్టార్ట్ చేసేవాళ్లు. అది కూడా లెక్కలోకి రాలేదు. ఇవాళ అదే మనిషి డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు దీపం ఒకటి వెలిగితే, బండి మంచిగా నడుస్తున్నా సరే, రాత్రంతా టెన్షన్ పడతాడు.

అప్పటి చాలా కార్ల మీటర్లలో కిలోమీటర్ల అంకెలు ఐదే ఉండేవి. 99,999 దాటితే మళ్లీ సున్నాల నుంచి మొదలు. మా మేస్త్రీ అనేవాడు, "ఆరో అంకె ఎందుకురా, అప్పటికి ఇంజన్ ఒక్కసారన్నా దించుతాం గదా" అని. నిజంగానే దించేవాళ్లం. బోరు చేయించి, రింగులు మార్చి, వాల్వులు గ్రైండింగ్ చేసి ఎక్కించేవాళ్లం. ఇప్పుడు నా దగ్గరికి రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన పెట్రోల్ బండ్లు వస్తుంటాయి. ఇంజన్ పైమూత, అదే హెడ్, అది కూడా విప్పనివి ఉంటాయి వాటిలో.

ఎందుకు మన్నుతున్నాయి? లోహం మెరుగైంది, ఆయిల్ మెరుగైంది, అవి సరే. అసలు పెద్ద మార్పు పెట్రోలును కొలిచి పోయడం. పాత బండిలో చలికాలం పొద్దున చోక్ లాగేవాళ్లం, గుర్తుందా? చోక్ లాగితే గాలి తగ్గి పెట్రోలు ఎక్కువ పోతుంది. కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీదున్న ఆయిల్ పొరను కడిగేస్తుంది. పిస్టన్ రింగు వెళ్లి ఎండిన గోడకు రాసుకుంటుంది. కడిగిన పెట్రోలు కిందికి జారి ఆయిల్‌ను పలచన చేస్తుంది. రోజూ పొద్దున ఇదే తంతు. ఇంజెక్షన్ వచ్చాక సైలెన్సర్ దారిలో ఉన్న ఆక్సిజన్ సెన్సార్, ఎంత కాలింది, ఎంత మిగిలింది అని ఎప్పటికప్పుడు కంప్యూటర్‌కు చెప్తుంటుంది. కంప్యూటర్ పెట్రోలు తగ్గించి పెంచుతుంది. పొగ తగ్గించడానికి తెచ్చిన వస్తువు ఇది. ఇంజన్ ఆయుష్షు కూడా పెరిగింది. అందుకే సెన్సార్లను తిట్టేవాళ్లతో నాకు పడదు.

ఇక్కడ డిప్లొమా పిల్లలు ఉన్నారు కాబట్టి ఒక చిన్న లెక్క చెప్తాను. ఒక యంత్రంలో నూరు భాగాలు ఉన్నాయి. ఏ ఒక్కటి పోయినా యంత్రం ఆగుతుంది. ఒక్కో భాగం నూటికి తొంభై తొమ్మిది సార్లు పనిచేస్తుంది. వినడానికి బాగానే ఉంది కదా? మొత్తం యంత్రం నూటికి ఎన్నిసార్లు పనిచేస్తుంది? 0.99ను నూరు సార్లు గుణించండి. దాదాపు 0.37 వస్తుంది, అంటే నూటికి 37 సార్లే. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ వీ-1 బాంబుల మీద పనిచేసిన రాబర్ట్ లస్సర్ అనే ఇంజనీరు పేరుతో ఈ సూత్రాన్ని పిలుస్తారు. పాత బండే మంచిదనేవాళ్ల వాదనలో నిజం ఇదే. భాగాలు పెరిగితే పోయేవీ పెరుగుతాయి. కానీ లెక్క అక్కడ ఆపకండి. వెయ్యి భాగాలు పెట్టండి, ఒక్కోటి పదివేలల్లో ఒక్కసారే పోయేంత గట్టిది చేయండి. అప్పుడు మొత్తం యంత్రం నూటికి తొంభై సార్లు పనిచేస్తుంది. భాగాలు పదింతలయ్యాయి, నమ్మకం రెండింతలు దాటింది. కారు కంపెనీలు ఈ నలభై ఏళ్లలో చేసింది ఇదే. 

ఇంకో సంగతి. టెక్నాలజీ అన్నప్పుడల్లా భాగాలు పెరగాలని లేదు. టయోటా ప్రియస్ 1997లో వచ్చింది. పెట్రోల్ ఇంజన్, కరెంటు మోటార్లు, పెద్ద బ్యాటరీ అన్నీ కలిపిన హైబ్రిడ్ బండి అది. చూస్తే భయమేస్తుంది. కానీ అందులో మామూలు స్టార్టర్ మోటారు లేదు, ఆల్టర్నేటర్ లేదు, క్లచ్ ప్లేటు లేదు. మధ్యలో ఒక ప్లానెటరీ గేరు, అంటే సూర్యుడి చుట్టూ గ్రహాల్లా తిరిగే పళ్లచక్రాలు, చుట్టూ మోటార్లు, అంతే. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 2023లో ఇచ్చిన సర్వేలో హైబ్రిడ్ కార్లకు మామూలు పెట్రోల్ కార్ల కంటే 26 శాతం తక్కువ సమస్యలు వచ్చాయి. అదే సర్వేలో ప్లగ్ పెట్టి చార్జ్ చేసే హైబ్రిడ్లకు మాత్రం సమస్యలు రెండింతలు దాటాయి. రెండూ కొత్త టెక్నాలజీయే. పాతికేళ్లుగా అరగదీసిన టెక్నాలజీ ఒకటి, నిన్న మొన్న హడావిడిగా అతికించింది ఇంకొకటి. బండి కొనేటప్పుడు ఈ తేడా చూడాలి.

సరే, ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. 

నర్సంపేట వైపు పనిచేసే టీచరమ్మ ఒకరు డీజిల్ కారు తెచ్చారు. ఎనిమిదేళ్ల బండి. "అన్నా, పోతా పోతా ఒక్కసారి బంద్ అయితది. మళ్ల తాళం తిప్పితే స్టార్ట్ అయితది" అన్నారు. స్కానర్ పెట్టాను. ఇంజన్ ఎట్లా తిరుగుతోందో కంప్యూటర్‌కు చెప్పే క్రాంక్ సెన్సార్ సిగ్నల్ అందడం లేదని కోడ్ వచ్చింది. సెన్సార్ మార్చాను. వారం బాగుంది. మళ్లీ వచ్చారు. క్యామ్ సెన్సార్ కూడా మార్చాను. మళ్లీ పది రోజులు. మూడోసారి వచ్చినప్పుడు నేను నోరు జారి, కంప్యూటరే పోయినట్టుందమ్మా అన్నాను. ఆమె ఏమీ అనలేదు. బ్యాగులోంచి చిన్న నోట్‌బుక్ తీసి, అప్పటిదాకా నాకిచ్చిన పైసలు తారీఖులతో సహా చదివి వినిపించారు. టీచర్ కదా. (నవ్వులు)

ఆ రోజు షెడ్డు మూసేశాక ఒక్కణ్నే కూర్చున్నాను. సెన్సార్ నుంచి కంప్యూటర్ దాకా వైరు మీద మీటర్ పెట్టాను. కీమని కూసింది, అంటే వైరు బాగానే ఉందని. పోయినసారి ఆ కూత విని నమ్మేశాను. ఈసారి ఇంజన్ ఆన్‌లో పెట్టి, వైరింగ్ కట్టను అంగుళం అంగుళం వేళ్లతో వంచుతూ పోయాను. బ్యాటరీ ట్రే వెనక వంచగానే ఇంజన్ టక్కున ఆగింది. ట్రే తీస్తే కింద దూది, కాగితం ముక్కలు, పల్లికాయ పొట్టు. ఎలుక కాపురం. ఒక వైరు పైతొడుగు కొరికేసి ఉంది. లోపలి రాగి పోగుల్లో రెండో మూడో మిగిలాయి, అవీ పచ్చబడ్డాయి. బండి నిలబడి ఉంటే ఆ రెండు పోగులు అంటుకునే ఉంటాయి, మీటర్ కూస్తుంది. గుంతలో చక్రం పడితే విడిపోతాయి. జానెడు వైరు, కాస్త టంకం, ఒక స్లీవు. పావుగంట పని. టీచరమ్మకు సెన్సార్ల పైసలు వాపస్ ఇచ్చాను. తీసుకోనన్నారు గానీ ఇచ్చాను.

స్కానర్ అబద్ధం చెప్పలేదు. సిగ్నల్ అందడం లేదు అంది, సెన్సార్ పోయింది అనలేదు. నేను అట్లా చదువుకున్నాను. మీకు తెలిసిన చాలామంది 'సెన్సార్ ప్రాబ్లమ్' అని చెప్పే బండ్లలో సగం ఇట్లాంటివే. వైరు, ఎర్తు, కనెక్టర్‌లో తుప్పు, బలం తగ్గిన బ్యాటరీ. ఇంట్లో ఫోన్ మోగితే ఫోన్ పగలగొట్టినట్టు మనం సెన్సార్లు మారుస్తున్నాం.

ఎలుకల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, హోండా కంపెనీ వైర్లకు చుట్టే ఒక టేపు అమ్ముతుంది. దానికి మిరపకాయలో ఘాటునిచ్చే పదార్థం పట్టించి ఉంటుంది, ఎలుక కొరకకుండా. ఎనుమాముల మిర్చి మార్కెట్ పెట్టుకుని మనం ఎలుకలకు బండ్లు అప్పజెప్తున్నాం. (నవ్వులు) 

కొత్త బండిలో నాకు నచ్చని విషయాలూ ఉన్నాయి. ఇంజన్ వేడి చూపించే హీట్ కాటా తీసేశారు చాలా బండ్లలో. ముల్లు మెల్లగా పైకి పోతుంటే డ్రైవర్‌కు అనుమానం వచ్చేది. ఇప్పుడు ఎర్ర దీపం వెలిగేదాకా ఏమీ తెలియదు. పాత ఇనుప హెడ్డు ఒకసారి ఉడికినా తట్టుకునేది, అల్యూమినియం హెడ్డు వంకర తిరుగుతుంది. రేడియేటర్ పక్క ట్యాంకులు ప్లాస్టిక్. దాంట్లో కూలెంట్ బదులు బోరు నీళ్లు పోస్తారు మనవాళ్లు. రామగుండం ఎండ, ఉప్పు బోరు నీళ్లు, ప్లాస్టిక్ ట్యాంకు. ఇంక నేను చెప్పాలా?

డీజిల్ గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర డీజిల్ మోజు ఇంకా తగ్గలేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 అనే పొగ నిబంధనలు వచ్చాయి. డీజిల్‌లో గంధకం పది లక్షల్లో 50 వంతుల నుంచి 10కి తగ్గించారు. ఇంజన్లను ఆ నిబంధనలకు తగ్గట్టు మార్చే ఖర్చు ఎక్కువని మారుతి అప్పుడే డీజిల్ కార్లు మానేసింది. మిగిలినవాళ్లు సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ పెట్టారు, డీపీఎఫ్ అంటారు. జల్లెడ లాంటిది. మసి నిండితే దాన్ని బండే కాల్చుకోవాలి. దానికి లోపల దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి హైవే మీద ఇరవై ముప్పై నిమిషాలు ఒకే తీరుగా పోతే వస్తుంది.

మా కస్టమర్ ఒకాయన రిటైర్డ్ ఉద్యోగి. రిటైర్మెంట్ డబ్బుతో పెద్ద డీజిల్ బండి కొన్నారు. దానితో పొద్దున పబ్లిక్ గార్డెన్‌కు వాకింగ్‌కు పోతారు. నడవడానికి కారులో పోవడం వేరే సంగతి. (నవ్వులు) తర్వాత కూరగాయలకు, సాయంత్రం గుడికి. ఎటు పోయినా మూడు కిలోమీటర్లు. ఇంజన్ వేడెక్కేలోపు ఇల్లు వస్తుంది. ఫిల్టర్ నిండుతుంది, బండి కాల్చడం మొదలుపెడుతుంది. కాల్చడానికి సిలిండర్‌లోకి అదనంగా డీజిల్ చల్లుతుంది. మధ్యలో తాళం తీసేస్తారు. ఆ డీజిల్ గోడల మీంచి జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఒకరోజు వచ్చి ఏమన్నారో తెలుసా? "కంపెనీ బండి అంటే ఇది. చుక్క ఆయిల్ తాగదు. పైగా పెరుగుతుంది" అన్నారు. డిప్‌స్టిక్ తీసి వాసన చూపించాను. డీజిల్ వాసన. ఆ ఆయిల్‌తో ఇంకో రెండు నెలలు నడిపితే టర్బో పోయేది, బేరింగులు పోయేవి. ఆయిల్ మార్చి, వారానికి ఒక్కసారన్నా జనగామ దాకా పోయి రండి సార్ అన్నాను. ఇప్పుడు ప్రతి శనివారం పోతున్నారు. అక్కడ చాయ్ తాగి వస్తున్నారు.

ఆ బండి చెడ్డదా? మంచిర్యాల నుంచి హైదరాబాద్‌కు రోజూ తిరిగే ట్రావెల్స్ డ్రైవర్ చేతిలో అదే బండి ఏ గొడవా లేకుండా పోతోంది. కొందరు ఫిల్టర్ కోసి పారేసి కంప్యూటర్‌లో మోసం చేయిస్తారు. అది నేను చేయను. చట్టానికి విరుద్ధం, పైగా ఆ మసి మన పిల్లల ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

నా అసలు భయం ఇవేవీ కావు. ఇనుము గురించి నాకు భయం లేదు. బండికి పన్నెండో ఏడు వచ్చాక దాని కంప్యూటర్ డబ్బా ఒక్కటి దొరకడం గురించే భయం. అంబాసిడర్‌కు పార్టు దొరక్కపోతే మట్టెవాడలో లేత్ మీద చేయించుకొచ్చేవాళ్లం. కంప్యూటర్‌ను ఏ లేత్ మీద చేయిస్తాం? 2020 ఆగస్టు వానలకు నయీంనగర్ నాలా పొంగినప్పుడు నా దగ్గరికి మునిగిన బండ్లు వరసపెట్టి వచ్చాయి. ఒక బండికి ఇంజన్‌లోకి చుక్క నీరు పోలేదు. సీటు కింద ఉన్న చిన్న కంట్రోల్ డబ్బా తడిసింది. కొత్తది రావడానికి నాలుగు నెలలు. వచ్చాక కూడా దానికి ఈ బండి నంబరు ఎక్కించాలి, అది కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్నవాడే ఎక్కించాలి. పాత డబ్బా ఇంకో బండిలోంచి తెచ్చి పెడితే తాళం చెవిని గుర్తుపట్టదు. దొంగతనం జరగకుండా పెట్టిన తాళం అది, మంచిదే. కానీ యజమానిని కూడా బయటే నిలబెడుతోంది. చివరికి ఆయన బండిని తుక్కుకు ఇచ్చేశారు. ఇంజన్ అరవై వేల కిలోమీటర్లే తిరిగింది. నాకు ఇప్పటికీ బాధే.

అన్నట్టు, నీళ్లలో మునిగిన బండిని చూడగానే తాళం తిప్పకండి. సిలిండర్‌లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ముందు బ్యాటరీ వైరు విప్పండి, తర్వాత ఫోన్ చేయండి.

ఫోన్ నెట్‌వర్కుకు కలిసే కార్లదీ ఇదే కథ. అమెరికాలో 2022లో 3జీ నెట్‌వర్కులు ఆపేస్తే మంచిగా తిరుగుతున్న కార్లలో ప్రమాదం జరిగితే ఫోన్ చేసే సౌకర్యం లాంటివి పనిచేయడం మానేశాయి. కార్లు చెడిపోలేదు, అవతలి టవర్ మారింది. అక్కడే మసాచుసెట్స్ రాష్ట్రంలో 2012లో జనం ఓటేసి, కంపెనీలు రిపేరు సమాచారం బయటి షెడ్లకు ఇవ్వాలని చట్టం తెచ్చుకున్నారు. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022లో కమిటీ వేసి రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది, అందులో ఆటోమొబైల్ రంగం ఉంది. కానీ నాకు కావలసింది పోర్టల్‌లో ఫోన్ నంబరు కాదు, వైరింగ్ డయాగ్రం. అది ఇస్తే సగం బండ్లు నేను ఇక్కడే బతికిస్తాను.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థి: సార్, ఎలక్ట్రిక్ కారు అయితే ఈ గొడవలేవీ ఉండవు కదా?)

ఇంజన్ గొడవలు ఉండవు తమ్మీ. మోటారులో తిరిగే భాగాలు తక్కువ. చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. వేడి దానికి శత్రువు, కాబట్టి నీడన పెట్టు. కానీ నేను చెప్పిన డబ్బాల సమస్య దానికి ఇంకా ఎక్కువ. నువ్వు చదువుకునేవాడివి కదా, మల్టీమీటర్ పట్టుకోవడం బాగా నేర్చుకో. నాకు స్పానర్ ఎంతో నీకు అది అంత.

(ఒక మహిళ: ఇథనాల్ కలిపిన పెట్రోలుతో మా పాత కారు పాడవుతుందా అన్నా?)

అమ్మా, లీటరు ఇథనాల్‌లో పెట్రోలు కన్నా మూడో వంతు దాకా శక్తి తక్కువ. కాబట్టి మైలేజ్ కొంచెం తగ్గుతుంది, అది నిజం. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లు 20 శాతం ఇథనాల్‌కు తట్టుకునే సామానుతో చేస్తున్నారు. మీది పాతదైతే పెట్రోలు గొట్టాలు, రబ్బరు వాషర్లు ఏడాదికోసారి చూపించండి. ఇథనాల్ తేమను పీలుస్తుంది, కాబట్టి నెలల తరబడి కదల్చకుండా పెట్టకండి. నాది 2009 బండి, ఏపీ 36 నంబరు, పదిహేనేళ్లకు రీ-రిజిస్ట్రేషన్ చేయించాను. అదే పెట్రోలు పోస్తున్నాను. ఒక్క గొట్టం మార్చాను.

(వెనక నుంచి ఒకరు: మా బండికి నెల నుంచి ఇంజన్ దీపం వెలుగుతోంది. బండి మాత్రం మంచిగనే గుంజుతుంది. పట్టించుకోవాలా?)

ఒట్టిగా వెలుగుతోందా, మిణుకు మిణుకు మంటోందా? ఒట్టిగానా? మిణుకుతుంటే మాత్రం నడపొద్దు. అంటే సిలిండర్‌లో మంట సరిగా అంటుకోవడం లేదు, కాలని పెట్రోలు పోయి సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. ఒట్టిగా వెలుగుతుంటే ఈ వారంలో చూపించుకోవచ్చు. అయినా నెల ఆగారు కదా. బండి బయటే ఉందా? నా డిక్కీలో స్కానర్ ఉంది, పదండి చూద్దాం. ముందైతే బ్యాటరీ ట్రే కింద చూస్తాను.